జానెడు తక్కువ

సుప్రియకు తెలివి లేదని మొదట చెప్పింది లెక్కల సారు రాఘవేందర్. తరువాత హెడ్మాస్టరు బాలస్వామి చెప్పాడు. ఆ తరువాత తొమ్మిదో తరగతి మొత్తం చెప్పింది. చివరకు ఆ పిల్ల కూడా నమ్మింది. పద్నాలుగేండ్ల పిల్లను మొద్దు చెయ్యాలంటే పెద్ద కష్టమేమీ కాదు. ఒక తప్పుడు బొమ్మ, దాన్ని ఒప్పని చెప్పే గొంతులు కొన్ని ఉంటే చాలు.

గద్వాల నుంచి ఐజ పోయే తోవలో పక్కకు తిరిగితే నల్లగుండ్లపల్లి వస్తుంది. నల్లరేగడి నేల. చుట్టూ పత్తే. బట్టలు నేసే పత్తి కాదు, విత్తనాల పత్తి. ఆగస్టు వచ్చిందంటే అక్కడ క్రాసింగ్ పని మొదలవుతుంది. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని మగభాగం గిల్లేయాలి. తెల్లారి వేరే చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. చెట్టు పొట్టిది, మొగ్గ మెత్తనిది, కాబట్టి ఆడపిల్లల చేతులే కావాలంటారు. అసలు సంగతి అది కాదు. ఆడపిల్లలు ఎదురు మాట్లాడరు, అదీ సంగతి. ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా బడిలో ఆడపిల్లల వరుసలు సగం ఖాళీ అవుతాయి. హాజరు పిలిచేటప్పుడు ఆ పేర్ల దగ్గర సార్లు ఆగను కూడా ఆగరు.

ఆ ఊళ్లో విత్తనాల ఆర్గనైజరు శంకరయ్య. కంపెనీ నుంచి విత్తనం తెచ్చి రైతులకు పంచేదీ, పండినది తిరిగి కూడగట్టేదీ ఆయనే. సొంత చేలు కూడా బాగానే ఉన్నాయి. తెల్లవారక ముందే ఆయన ట్రాక్టరు మాదిగవాడలోకి వచ్చి హారను కొడుతుంది. పిల్లలు సద్ది గిన్నెలు పట్టుకుని ఎక్కుతారు. ఇదే శంకరయ్య బడి కమిటీకి ఛైర్మన్. పొద్దున పిల్లల్ని బడికి దూరం చేసేవాడూ ఆయనే, నెలకోసారి కుర్చీలో కూర్చుని పిల్లలు బడికి ఎందుకు రావట్లేదని అడిగేవాడూ ఆయనే. ఎవరికీ నవ్వు రాలేదు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ బడిలో గదులు తక్కువ. తొమ్మిదో తరగతి వరండాలో కూర్చునేది. వరండా గోడకు శంకరయ్య రంగులు వేయించాడు. భారతదేశం పటం, గుండె బొమ్మ, ఆకు బొమ్మ, వాటి పక్కన కిటికీకీ తలుపుకూ మధ్య మనిషంత ఎత్తున ఒక సమద్విబాహు త్రిభుజం. గద్వాల నుంచి వచ్చిన పెయింటరు మొదట దాన్ని సరిగ్గానే గీశాడు. పైన A, కింద అటు B, ఇటు C. త్రిభుజం కింద చిన్న అక్షరాలతో దాత పేరు రాశాడు. సాయంత్రం శంకరయ్య వచ్చి చూశాడు.

"నా పేరు కింద బెట్టినవేందిరా? పిల్లల కాళ్లు తగుల్తయ్. మీద రాయి. జర పెద్దగ రాయి, రోడ్డు మీదికెళ్లి కనవడాలె" అన్నాడు.

మీద త్రిభుజం మొన ఉంది. పెయింటరు తల గోక్కున్నాడు. గోడను పెంచలేడు, శంకరయ్య పేరును తగ్గించలేడు. తగ్గేది త్రిభుజమే. మొనను ఎడమకు జరిపి రెండు పక్కలూ మళ్లీ గీశాడు. ఎడమ భుజం నిటారుగా పొట్టిగా అయింది. కుడి భుజం బారుగా సాగి పడుకుంది. మొనకు కుడి పక్కన పైన దొరికిన జాగలో 'దాత: శ్రీ శంకరయ్య గారు' అని ఎర్రగా వచ్చింది. కింద మాత్రం ముందు రాసింది అట్లనే ఉంది: 'AB = AC కనుక కోణం B = కోణం C'. గాలివానకు ఒక పక్క ఒరిగిన గుడిసె లాంటి బొమ్మ. దాని కింద అన్నీ సమానమన్న రాత.

రాఘవేందర్ ఆ వంకర మొదటి రోజే చూశాడు. బొమ్మ గుర్తు కోసమే కదా, సిద్ధాంతం ముఖ్యం అనుకున్నాడు. అంతవరకూ ఆయనది తప్పు కాదు. వంకర బొమ్మ గీసుకుని కూడా సరైన రుజువు రాయవచ్చు. కానీ ఆయన అంతటితో ఆగలేదు. వనపర్తి నుంచి బస్సులు మారి వచ్చి, మళ్లీ బస్సు అందుకోవాల్సిన మనిషి. బోర్డు మీద గీసే ఓపిక లేక గోడకు కర్ర ఆనించి, "చూడుండ్రి, రెండు పక్కలు సమానం. కనిపిస్తుందా?" అని అడిగేవాడు.

"కనిపిస్తుంది సార్!" అని తరగతి అరిచేది.

ఆ అరుపుకు నాలుగు నెలలు అలవాటైన తరువాత జనవరి చివర్లో క్రాసింగ్ పిల్లలు తిరిగి వచ్చారు. చేతివేళ్లు పగిలి, గోళ్ల సందుల్లో పసుపుపచ్చ మరకలతో వచ్చి వెనుక కూర్చున్నారు. రాఘవేందర్ వాళ్లను లేపి నిలబెట్టాడు.

"కంపెనీ ఉద్యోగులు వచ్చిండ్రా? సెలవు వెట్టి పోయిండ్రా, రాజీనామ చేసి పోయిండ్రా?"

తరగతి నవ్వింది.

"సుప్రియా, నువ్వు చెప్పు. సమద్విబాహు త్రిభుజమంటే ఏంది?"

"తెల్వదు సార్."

"గోడ మీద ఏనుగంత బొమ్మ ఉన్నది. సూసి చెప్పు."

సుప్రియ చూసింది. రాసింది చదివింది. మళ్లీ బొమ్మ చూసింది. "ఏబీ, ఏసీ సమానమని రాసిండ్రు సార్" అంది.

"రాసింది సరే. కనిపిస్తుందా?"

"లేదు సార్."

"ఏంది లేదు?"

"నాకు ఈ దిక్కుది చిన్నగ, ఆ దిక్కుది పెద్దగ కనవడ్తుంది సార్."

రాఘవేందర్ తరగతి వైపు తిరిగాడు. "అరేయ్, మీకు కనిపిస్తుందారా?"

"కనిపిస్తుంది సార్!"

"చూసినవా? అందరికి కనిపిస్తుంది. మందు కొట్టిన చేన్ల తిరిగి నీ కండ్లు మసకైనట్టున్నయ్. దవాఖానకు పో."

పక్కనున్న జయశ్రీ సుప్రియ చున్నీ పట్టి గుంజింది. జయశ్రీ కూడా క్రాసింగ్ పిల్లే. "కనిపిస్తుందని అనవే" అని గొణిగింది. "నాకేమన్న కనిపిస్తుందా? అంటే కూసోవెడ్తడు."

సుప్రియ అనలేకపోయింది. అది ధైర్యం కాదు. అందరికీ కనపడేదేదో నిజంగానే అక్కడ ఉంది, తన కండ్లకే అందట్లేదు అనుకుంది. ఒకసారి కనిపిస్తుందని అబద్ధం చెపితే ఇక ఎప్పటికీ కనపడదేమో అని భయపడింది. కాబట్టి నిజమే చెప్పింది. "కనిపిస్తలేదు సార్" అంది.

"అయితే కనిపించేదాక నిలబడు" అన్నాడు రాఘవేందర్.

ఆ వారమంతా లెక్కల పీరియడ్‌లో సుప్రియ గోడకు ఎదురుగా వాకిట్లో నిలబడింది. మధ్యాహ్నం పూట. ఎండ వీపు మీద. పోయే వచ్చే పిల్లలు "ఏమే, కనవడ్డదా?" అని అడిగి పోయేవారు. ఆరో తరగతి పోరగాండ్లు కూడా అడిగారు. ఆ పిల్ల కండ్లు చికిలించి చూసేది, తల వంచి చూసేది, ఒక కన్ను మూసి చూసేది. సమానం అన్న మాటకు తనకు తెలియని ఇంకేదో అర్థం ఉందనుకుంది. ఒక పొట్టి భుజాన్నీ ఒక బారు భుజాన్నీ చూపించి సమానం అంటున్నారంటే, చదువుకున్నవాళ్ల సమానం వేరే కావచ్చు అనుకుంది. ఆ మాట పట్టుకుని నేను చాలా మీటింగుల్లో తిట్టాను. ఇక్కడ తిట్టను, కథ నడవాలి.

శుక్రవారం హెడ్మాస్టరు బాలస్వామి క్రాసింగ్ పిల్లల్ని తన గదికి పిలిపించాడు. మంచివాడని పేరు. గట్టిగా మాట్లాడడు. ఆయన బాధ ఒక్కటే, పదో తరగతి ఫలితాల శాతం.

"మిమ్మల్ని పదికి పంపిస్తే ఫెయిలయితరు. బడి పేరు పోతది. సోమవారం లెక్కల పరీక్ష పెడతం. వచ్చినోళ్లు పదికి. రానోళ్లు మళ్ల తొమ్మిదే సదవాలె. మీ మంచికే."

మళ్లీ తొమ్మిదే అంటే ఆ వాడలో అర్థం వేరు. అక్కడ ఏ ఆడపిల్లా ఒకే తరగతి రెండుసార్లు చదవలేదు. సుప్రియ తల్లి లలితమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూనే తేల్చేసింది.

"పదికి పంపిస్తే పో, నేనొద్దన. మళ్ల తొమ్మిదే అంటే మాత్రం నాతోని కాదు బిడ్డా. శంకరయ్య సారు చేన్ల ఏడాదంత పని ఉన్నదంట. నాతోనే వస్తువు."

"నాకు సదువు రాదా అమ్మా?"

"నాకేం ఎరుక? సార్లు అంటున్నరు గద."

తండ్రి జోసెఫ్ బొంబాయి దిక్కు మట్టిపనికి పోయి ఉన్నాడు. అడగడానికి ఇంకెవరూ లేరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో రంగుకాగితాలతో మూడుమూలల జెండాలు కోసే పని పడింది. ప్రభుదాసు పెండ్లి. పందిరికీ, వాడ మొత్తానికీ తోరణాలు కట్టాలి. ఆడవాళ్లంతా చాపలేసుకుని కూర్చున్నారు. సుప్రియ మనసు పెట్టకుండా కత్తెర ఆడిస్తూ పోయింది. కాగితం తీసుకోవడం, ఇటొక కోత, అటొక కోత, మొన కిందికి వచ్చేటట్టు పక్కన పడేయడం. ఆశీర్వాదమ్మ అనే పెద్దామె ఒక జెండా ఎత్తి చూసింది.

"ఓ పిల్లా! ఇదేం జెండానే? వంకరమూతి జెండా. పెండ్లికి వచ్చినోళ్లు పిల్లగాని మూతి గూడ గిట్లనే ఉంటదనుకుంటరు."

అందరూ నవ్వారు. ప్రభుదాసు తల్లి కూడా నవ్వింది. సుప్రియ ఆ జెండా తీసుకుని తిరగేసి చూసింది. మొన పైకి వచ్చింది. ఒక పక్క నిటారుగా పొట్టిగా, ఒక పక్క బారుగా. చెయ్యి అట్లనే ఆగిపోయింది. అది గోడ మీది బొమ్మ. వారం రోజులు ఎండలో నిలబడి చూసిన బొమ్మ. ఇక్కడ దాన్ని సమానం అన్నవాళ్లు ఎవరూ లేరు. చూడగానే వంకర అన్నారు.

"మడిచి కొయ్యవే, ఒక్కతీరుగ వస్తది" అంది లలితమ్మ.

సుప్రియ ఇంకో కాగితం మధ్యకు మడిచింది. ఏటవాలుగా ఒక్క కోత కోసింది. విప్పింది. మళ్లీ మడిచింది. మళ్లీ విప్పింది. ఎన్నిసార్లు అట్లా చేసిందో, పక్కన జెండాల కుప్ప పెరగడం ఆగిపోయింది.

కోసింది ఒక్కసారే. విప్పితే ఆ ఒక్క కోతే రెండు భుజాలు అయింది. అందుకే అవి సమానం. మడిచినప్పుడు ఒక మూల మీద ఒక మూల కూర్చుంది, గోరు పట్టే సందు కూడా లేదు. విప్పితే అదే మూల అటొకటి ఇటొకటి. అందుకే కోణాలు సమానం. వేరేగా ఉండాలన్నా వాటికి వీలు లేదు. ఎవరో సార్ చెప్పినందుకు కాదు, పుస్తకంలో రాసినందుకు కాదు. ఈ కాగితానికి ఇంకో దారి లేదు. ఇప్పుడు ఆ వంకర జెండా తీసి మొన మీదుగా మడిచింది. ఒక పక్క బయటికి పొడుచుకు వచ్చింది. మూల మీద మూల కూర్చోలేదు. కూర్చోదు.

అర్థమైతే సంతోషం వస్తుందంటారు. ఆ పిల్లకు సంతోషం రాలేదు. ముందు చెవులు వేడెక్కాయి. తరువాత కండ్లలో నీళ్లు తిరిగాయి. కత్తెర చాప మీద విసిరి కొట్టింది.

"ఏమైందే?" అంది లలితమ్మ.

"అమ్మా, గోడ తప్పు."

"ఏ గోడ?"

"బడి గోడ."

"గోడ తప్పేందే? పడిపోయిందా?"

"దాని మీది బొమ్మ తప్పు. నాకు సరిగ్గనే కనవడ్డది. నా కండ్లు మంచిగనే ఉన్నయ్. అందరు గల్సి అబద్ధం జెప్పిండ్రు."

"మెల్లగ మాట్లాడు, చర్చిల ఉన్నం" అంది తల్లి. బిడ్డ పరీక్షకు భయపడి అట్లా మాట్లాడుతోందనుకుంది.

సోమవారం క్రాసింగ్ పిల్లల్ని వరండాలో దూరం దూరంగా కూర్చోబెట్టారు. రాఘవేందర్ బోర్డు మీద ప్రశ్నలు రాశాడు. పెద్ద ప్రశ్న అదే: సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని చూపండి. కింద కనికరించినట్టు ఇంకో మాట రాశాడు: గోడ మీది పటము చూడవచ్చును.

సుప్రియ చిన్న కాగితం ముక్క మడిచి, గోటితో గీసి చింపి, విప్పి, తుమ్మముల్లుతో జవాబు పేపరుకు గుచ్చింది. పక్కన తనకు తెలిసింది రాసింది. మడత పడిన చోట ఒక గీత అనుకుందాం. ఆ గీత పై కోణాన్ని రెండు సమాన భాగాలు చేస్తుంది. ఇటు త్రిభుజాన్ని మడిచి అటు త్రిభుజం మీద పెడితే భుజం మీద భుజం పడుతుంది. కనుక కోణం మీద కోణం పడుతుంది. పుస్తకంలోని రుజువు ఇదే, మాటలే వేరు. చివర ఒక వాక్యం చేర్చింది: 'గోడ మీది పటము సమద్విబాహు త్రిభుజము కాదు.'

రాసిన తరువాత ఆ వాక్యం చూసి తనే భయపడింది. పేపరు మీద రాసిన మాటకు జవాబు చెప్పాల్సి వస్తుంది. చూసినదే తప్ప కొలిచింది లేదు. లేచి గోడ దగ్గరకు పోయింది. చున్నీ తీసింది.

"జయశ్రీ, జర ఈ కొస వట్టుకో. A కాడ."

"నన్నెందుకు పిలుస్తవే, నీ పుణ్యముంటది" అంటూనే జయశ్రీ వచ్చి కిటికీ గట్టు ఎక్కి కొస పట్టుకుంది.

చున్నీ ఎడమ భుజం వెంబడి బిగించి, B దగ్గర ముడి వేసింది. A దగ్గర కొస కదలకుండా చున్నీని కుడి భుజం మీదికి తిప్పింది. ముడి C దాకా రాలేదు. సుప్రియ చెయ్యి చాచి పెట్టింది. జానెడు తక్కువ.

"అయ్యో" అంది జయశ్రీ గట్టు మీది నుంచి. "మరి నాకు గూడ కనిపిస్తుందని ఇన్ని దినాలు అరిచిన గదనే."

"ఏం జేస్తుండ్రే అక్కడ?" అని రాఘవేందర్ కర్ర పట్టుకుని వచ్చాడు.

"కొలుస్తున్న సార్."

"పరీక్షల కొలుసుడేంది?"

"గోడ సూడొచ్చని మీరే రాసిండ్రు సార్. చూసిన. జానెడు తక్కువున్నది."

ఆ మాట గట్టిగానే అంది. హెడ్మాస్టరు గదిలో చాయ్ తాగుతున్న శంకరయ్యకు వినపడింది. చేతిలో సెల్‌ఫోన్‌తో బయటికి వచ్చాడు. వెనుక బాలస్వామి. తన పేరు కింద ఒక మాదిగ పిల్ల చున్నీ పట్టుకుని గోడ కొలవడం శంకరయ్య చూశాడు.

"ఏంది సార్ ఇది? నేను పెట్టిచ్చిన బొమ్మకు వంక వెడ్తున్నదా? పిల్లలకు సదువు జెప్తున్నరా, కొలతలేసుడు నేర్పిస్తున్నరా?"

బాలస్వామి ముందుకు వచ్చాడు. "చిన్నపిల్ల, తెల్వక చేసింది సార్. సుప్రియా, ఇటు రా. శంకరయ్య సారుకు చెప్పు, బొమ్మ సరిగ్గనే ఉన్నదని."

"సరిగ్గ లేదు సార్."

"నీ పరీక్ష సంగతి నేను సూసుకుంట. ఒక్క మాట అను, పదికి పంపిస్త. రెండు పక్కలు సమానం అను. అయిపోతది."

ఆ పిల్లకు వెల తెలిసింది. పదో తరగతి అంటే ఒక్క మాట. వారం ముందు తనకే కనపడట్లేదనుకున్నప్పుడే అనలేదు. ఇప్పుడు ఎట్లా అంటుంది?

"అనను సార్" అంది.

"అయితే మీ అమ్మను తోల్కరా" అన్నాడు బాలస్వామి.

రాత్రి బిడ్డ చెప్పిందంతా విని, మరుసటి రోజు లలితమ్మ కూలి పోగొట్టుకుని వచ్చింది. చెప్పులు వరండా కింద విడిచి వచ్చింది. శంకరయ్య కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు నిలబడే ఉన్నాడు. రాఘవేందర్ గోడకు ఆనుకున్నాడు. తొమ్మిదో తరగతి అంతా కింద కూర్చుని చూస్తోంది.

బాలస్వామి మెత్తగా చెప్పాడు. "లలితమ్మా, నీ బిడ్డకు జర మొండితనం ఎక్కువ. సారుకు ఒక్క మాట చెప్తే అయిపోతది. సమానం అంటే చాలు. ఏం పోయింది?"

లలితమ్మ కూతురి వైపు తిరిగింది. "అను బిడ్డా. ఒక్క మాట గద. అని పదికి పో."

"నువ్వు గూడనా అమ్మా?"

"నువ్వు పదికి పోవాల్నని గద నేను పని ఇడిచి వచ్చిన. అనవే."

"నువ్వు కొలిచి సమానం వస్తే చెప్పు, నేను అంట" అంది సుప్రియ. చున్నీ తీసి తల్లి చేతిలో పెట్టింది.

లలితమ్మకు చదువు రాదు. A ఏదో B ఏదో తెలియదు. బిడ్డను గట్టు ఎక్కించి కొస పట్టించి, తను కింద ఎడమ గీత వెంబడి గుంజి ముడి వేసింది. ఆ ముడి పట్టుకుని కుడి గీతకు తెచ్చింది. అందలేదు. బిడ్డ సరిగ్గా పట్టుకోలేదేమో అని పైకి చూసింది. మళ్లీ గుంజింది. అందలేదు. అరచెయ్యి చాచి మిగిలిన గీత మీద పెట్టింది. బొటనవేలు ముడి దగ్గర, చిటికెనవేలు C దగ్గర.

ఆ చెయ్యి అట్లనే గోడ మీద పెట్టి వెనక్కు తిరిగింది.

"ఇదేనా సారూ? ఈ జానెడు కోసమేనా నా బిడ్డను వారం దినాలు ఎండల నిలవెట్టింది?"

"లలితమ్మా, అట్ల గాదు..."

"ఎట్ల మరి? కనిపిస్తలేదన్నందుకు గుడ్డిదన్నరు. దవాఖానకు పొమ్మన్నరు. ఇంటికొచ్చి నాకు సదువు రాదా అని నన్నడిగింది. నాకేం ఎరుక, సార్లు అంటున్నరు గద అన్న నేను. ఆ మాట నాతోని అనిపిచ్చింది మీరు. పిల్ల కండ్లు సరిగ్గనే ఉన్నయ్. మీయి ఉన్నయా?"

శంకరయ్య కుర్చీలోంచి లేచాడు. "మాట జర సూసుకో. ఎవరి ముందల మాట్లాడుతున్నవో..."

"నీ ముందలనే సారూ. నీ పేరు పట్టాలంటే మీ ఇంటి గోడ లేదా? నా బిడ్డ సదివే గోడనే దొరికిందా?"

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. శంకరయ్య ముఖం ఎర్రబడింది. "ఆగస్టుల నా చేన్లకే రావాలె నువ్వు. యాదుంచుకో."

"నేనొస్త. పిలువకుంటే పెబ్బేరు దిక్కు పోత, అమరచింత దిక్కు పోత. నా చేతులకు యాడనో ఒక కాడ పని దొరుకుతది. ఇది మాత్రం రాదు. నీ ట్రాక్టరు హారను ఎంత కొట్టినా రాదు."

బాలస్వామి రాఘవేందర్ మీద పడ్డాడు. "ఆ పిల్ల పేపరు దిద్దినవా నువ్వు?"

"దిద్దిన సార్."

"ఎన్నొచ్చినయ్?"

"ఆ ప్రశ్నకు మొత్తం ఇచ్చిన. పాసయింది."

"గోడ తప్పని రాసిందంట గదా? దానికేం చేసినవ్?"

"దానికేం మార్కులు లేవు సార్. నేనడగలే, ఆమెనే చెప్పింది."

"నేను పంపియ్యనంటే?"

రాఘవేందర్ ముఖం చిట్లించాడు. ఆయన మారిపోయిన మనిషేమీ కాదు. తన పరువు పోయిందన్న కోపంలో ఉన్నాడు. ఆ కోపం సుప్రియ మీద ఉంది, శంకరయ్య మీద ఉంది, పెయింటరు మీద ఉంది. "పరీక్ష పెట్టుమన్నది మీరు. పాసయిన పిల్లను ఎందుకు ఆపినరని రేపు ఎవరన్న అడిగితే మీరే కారణం రాసియ్యాలె. గోడ వంకరున్నదని చెప్పినందుకు ఆపినం అని రాస్తరా? నేనైతే సంతకం వెట్ట" అన్నాడు.

బాలస్వామి రాయలేదు. అట్లాంటిది రాసే ధైర్యం ఆయనకు ఎక్కడిది? "సరే, పదికే పో" అని సుప్రియ వైపు చూడకుండా అన్నాడు.

లలితమ్మ కదలలేదు. "తక్కిన పిల్లలు?"

"వాళ్లకు రాలేదమ్మా. ఫెయిలయిండ్రు."

"ఎట్లొస్తది? ఈ గోడ సూపిచ్చి చెప్పిండ్రు గద వాళ్లకు. మళ్ల చెప్పుండ్రి. సరిగ్గ చెప్పినంకనే పరీక్ష వెట్టుండ్రి. అప్పటిదాక నేను పోను." అని వరండా మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నానికి వాడ నుంచి జయశ్రీ తల్లి వచ్చి పక్కన కూర్చుంది. తరువాత ఇంకో ఇద్దరు. సాయంత్రం బస్సుకు ముందే బాలస్వామి ఒప్పుకున్నాడు.

శంకరయ్య ఊరుకోలేదు. ఆ వారంలోనే పెయింటరును పిలిపించాడు. త్రిభుజం సరి చేస్తాడేమో అని పిల్లలు చూశారు. పెయింటరు సున్నం డబ్బా తెచ్చి త్రిభుజాన్ని తుడిచేశాడు. కింది రాత తుడిచేశాడు. 'దాత: శ్రీ శంకరయ్య గారు' మాత్రం వదిలేశాడు. తెల్లటి గోడ మీద ఎర్రటి పేరొక్కటే. ఏం దానం చేశాడో ఎవరికీ తెలియకుండా ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఆ తోవలో పోయేవాళ్లు దిగి చూడవచ్చు.

క్రాసింగ్ పిల్లలకు మళ్లీ పాఠం చెప్పే రోజు వచ్చింది. రాఘవేందర్ ఈసారి బోర్డు ఎత్తుకొచ్చి స్టూలు మీద నిలబెట్టాడు. సుప్రియ పాసయిన పిల్ల, ఉండనక్కరలేదు. అయినా జయశ్రీ పక్కన కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడలేదు, ఆమె ఆయన వైపు చూడలేదు. సుద్దముక్కతో త్రిభుజం గీశాడు. జాగ్రత్తగానే గీశాడు. A, B, C రాశాడు. అలవాటు చొప్పున కర్ర ఎత్తి భుజాల మీద ఆనించాడు.

"ఏబీ, ఏసీ. రెండు సమానం. కనిపిస్తుందా?"

ఎవరూ పలకలేదు.

"మిమ్మల్నే. కనిపిస్తుందా, లేదా?"

పిల్లలు బోర్డు వైపు చూస్తున్నారు. పక్కనున్న మిగతా తరగతి కూడా అరవలేదు. రాఘవేందర్ కర్ర ఒకసారి నేలకేసి కొట్టాడు. అప్పుడు వెనుక నుంచి జయశ్రీ లేచింది.

"కొలిచి చెప్తం సార్."

ఆయనకు ఒళ్లు మండిపోయింది. మండినా, సంచిలోంచి స్కేలు తీసి ఆమె చేతికి ఇచ్చాడు.